ఆధార్‌లో ఊరి పేరు చూసి తాళంచెవి వెనక్కి తీసుకున్నారు

గుంటూరు నుంచి ఇప్పుడే ఇల్లు చేరాను. మనసు కుదుటపడలేదు, అందుకే రాస్తున్నాను.

మా స్కూల్లో కొత్తగా చేరిన లెక్కల టీచరమ్మకు అద్దె ఇల్లు చూడటానికి తోడు వెళ్ళాను. రెండు గదుల వాటా నచ్చింది, అద్దె కుదిరింది, ఇంటావిడ అడ్వాన్సు తీసుకుని తాళంచెవి కూడా ఇచ్చారు. తర్వాత ఆధార్ జిరాక్సు అడిగి, చిరునామా దగ్గర వేలు ఆపి, "స్టూవర్టుపురమా అమ్మా మీది?" అన్నారు. అమ్మాయి అవునంది. అంతే, ఆవిడ ఆ నోట్లనే మళ్ళీ లెక్కపెట్టి, అమ్మాయి చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టి, నా వైపు తిరిగి, "ఏమనుకోకండి మాస్టారూ, నిప్పు లేనిదే పొగ రాదు కదా" అన్నారు.

స్టూవర్టుపురం అంటే దొంగల ఊరనే ముద్ర ఉంది. ఆ నిప్పు ఎవరు పెట్టారో ఆవిడకు తెలియదు, మనలో చాలామందికి తెలియదు. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకెళ్ళి అమ్ముకుంటూ, బుట్టలల్లుతూ, సోది చెబుతూ బతికిన ఎరుకలవారికి రైళ్ళు వచ్చాక ఆ ఉప్పు బేరం పోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చాక, చేసిన నేరంతో పని లేకుండా పుట్టిన కులాన్ని బట్టి వేలిముద్రలు తీసుకున్నారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేత వాళ్ళను ఉంచడానికి సెటిల్‌మెంటు పెట్టించి, హాజరు వేసి, అనుమతి లేకుండా పొలిమేర దాటడమే నేరమన్నారు. ఆ సెటిల్‌మెంటే స్టూవర్టుపురం, ఊరికి పెట్టిన పేరు కూడా ఒక తెల్లదొరదే.

ఆ ఊళ్ళో దొంగలు లేరని నేను అనను, ఉన్నారు. కానీ ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఆ ఊరి మగవాళ్ళనే స్టేషనుకు లాక్కుపోతూ, పనిలో పెట్టుకోవడానికి మాత్రం అందరూ జంకుతుంటే, నిజాయితీగా బతకడానికి ఏ దారి మిగులుతుంది? ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. అప్పటికి ఈ అమ్మాయి తల్లి కూడా పుట్టలేదు.

నన్ను ఇంతకంటే ఎక్కువ కాలుస్తున్నది నా ఏడో తరగతి నాటి సంగతి. ఎవరిదో పెన్ను పోయిందని మా సారు ఎవరినీ అడగకుండా, సెటిల్‌మెంటు నుంచి వచ్చే పిల్లవాడి సంచి బోర్లించారు. రెండు నోటుబుక్కులు పడ్డాయి, టిఫిన్ డబ్బా మూత ఊడి అన్నం నేలపాలైంది. వాడు కూర్చుని ఒక్కొక్క మెతుకూ ఏరి డబ్బాలో వేసుకున్నాడు. మర్నాడు పెన్ను పోగొట్టుకున్నవాడి ఇంట్లోనే దొరికింది, అయినా సారు ఆ సెటిల్‌మెంటు పిల్లవాడితో ఒక్క మాట అనలేదు, పక్కనే కూర్చునే నేనూ అనలేదు. దసరా సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు.

ఈ రోజు మాత్రం నేను ఊరుకోలేదు, ఇదంతా ఇంటావిడకు చెప్పాను. ఆవిడ తలుపు వేసుకున్నారు. రేపు ఇంకో ఇల్లు చూడాలి. ఈసారి ఆధార్ జిరాక్సు ముందే చూపించి, ఆ తర్వాతే గదులు చూద్దామని ఆ అమ్మాయి బస్సులో అంది.