సవరణ: రైడింగ్ అంటే గుర్రపు స్వారీ కాదు

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ కౌంటీ పాత విభాగాల గురించి మొన్న రాసిన పోస్టులో మూడు తప్పులు దొర్లాయి. 'రైడింగ్' అంటే ఒక్క రోజులో గుర్రం మీద చుట్టిరాగల ప్రాంతమనీ, నాలుగు దిక్కులకూ నాలుగు ఉండేవనీ రాశాను. ఈ రెండూ తప్పే, మూడోది చివర్లో చెబుతాను.

ఆ మాట వైకింగుల భాషది, అర్థం 'మూడో వంతు'. మొదట్లో దాని ముందు 'త్' లాంటి శబ్దం ఉండేది. నార్త్, ఈస్ట్, వెస్ట్ అన్న మాటల చివరి హల్లులో అది కలిసిపోయి 'రైడింగ్' మిగిలింది. పైకి అని చూడండి, తెలిసిపోతుంది. మూడో వంతులు నాలుగెలా అవుతాయి? సౌత్ రైడింగ్ అసలు లేనే లేదు. యార్క్ నగరమేమో మూడింటికీ బయట. ఈ మూడూ 1974 దాకా నడిచాయి.

రైడింగ్ కింద 'వాపెన్‌టేక్' అనే విభాగాలు ఉండేవి. పారిష్‌లు మాత్రం వేరే గొడవ, అవి చర్చి గీసుకున్న గీతలు. శాడిల్‌వర్త్‌నే తీసుకోండి: ఊరు వెస్ట్ రైడింగ్‌లో ఉండేది, చర్చి లెక్కలో మాత్రం పక్క కౌంటీ లాంకషైర్‌లోని రోచ్‌డేల్ పారిష్‌లో. పాత పోస్టులో దీన్ని లాంకషైర్ ఊరని రాసింది కూడా అందుకే, అదీ దిద్దాను.