బొమ్మ కారు నాది, ఆట మా మామది

ముప్పై దాటిన మగాడు సాయంత్రం పూట కంప్యూటర్ టేబుల్‌కి స్టీరింగ్ బిగించుకుని కూర్చుంటే మా నల్లగొండలో దాన్ని జబ్బు కిందే లెక్కగడతారు. తాగుడైతే అర్థం చేసుకుంటారు, పేకాటైతే సర్దుకుపోతారు, ప్లాట్ల దందా అంటే లేచి కుర్చీ కూడా వేస్తారు. రేసింగ్ సిమ్యులేటర్ అంటే మాత్రం మా అమ్మ వైపు చూసి "పాపం" అంటారు. మా మేనమామకైతే ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. వచ్చిన ప్రతిసారీ గది గుమ్మంలో నిలబడి అదే మాట: "ఏందిర అల్లుడా, ఇంకా బొమ్మ కారేనా? బయట నిజం బండి పెట్టుకొని ఇంట్ల గీ ఆటలేంది?"

ఈ మాట అనే మనిషి మా ఇంటికి ఎలా వస్తాడో కూడా చెప్పాలి కదా. నార్కట్‌పల్లి నుంచి వస్తాడు. యూటర్న్ ఇంకో అర కిలోమీటరు ముందుంది, అంత దూరం పోయి తిరిగి రావడం డీజిల్ దండగ, కాబట్టి డివైడర్ పక్కనుంచి, ఎదురొచ్చే లారీలకు హెడ్‌లైట్లు కొడుతూ, వాళ్లే ఏదో తప్పు చేసినట్టు తిడుతూ, రాంగ్ రూట్‌లో వస్తాడు. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఇంకో చేతిలో ఫోను. సీటు బెల్టు పెట్టుకోకపోతే బండి కుయ్‌కుయ్‌మని మొత్తుకుంటుంది, దానికీ మందుంది ఆయన దగ్గర. బెల్టు దూర్చే చోట ఉత్త క్లిప్పు ఒకటి గుచ్చేశాడు, బండి నోరు మూసుకుంది. అలాంటి క్లిప్పులు అమ్మొద్దని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పెద్ద పెద్ద ఆన్‌లైన్ అంగళ్లకు ఆదేశాలిచ్చింది. మామ ముందుచూపున్న మనిషి, అంతకు ముందే రెండు కొని పెట్టుకున్నాడు. ఒకటి స్పేర్.

ఇదీ నిజం బండి సంగతి. ఇక నా బొమ్మ బండి.

ఐరేసింగ్ అని ఒక ఆన్‌లైన్ రేసుల ఆట ఉంది, 2008 నుంచి నడుస్తోంది. అందులో గీత దాటి ట్రాక్ బయటికి పోతే ఒక పాయింటు, అదుపు తప్పి గిర్రున తిరిగితే రెండు, పక్కోడిని గట్టిగా గుద్దితే నాలుగు. తప్పు ఎవరిదని అది అడగదు, ఇద్దరికీ రాస్తుంది. ఇవి పోగుపడితే సేఫ్టీ రేటింగ్ పడిపోతుంది, రేటింగ్ పడితే లైసెన్సు తరగతి దిగిపోతుంది, మళ్లీ కింది తరగతి రేసుల నుంచి ఎక్కి రావాలి. ఎవడైనా కావాలని గుద్దితే రికార్డింగ్ జతచేసి ఫిర్యాదు పెట్టొచ్చు, ఆట నడిపేవాళ్ల మనిషి కూర్చుని చూస్తాడు. నాకు పెళ్లయింది, బ్యాంకులో అప్పుంది, ఆధార్ కార్డుంది, అయినా సరే ఈ దేశంలో నా నడవడిక మీద ఇంత నిక్కచ్చిగా లెక్క రాసింది ఆ బొమ్మ ఒక్కటే.

పైగా బొమ్మ అనుకుని కూర్చుంటే ఒళ్లు హూనమవుతుంది. బ్రేకు తొక్కిన ప్రతిసారీ కుర్చీ వెనక్కి జారిపోతుంటే దాని చక్రాలను పాత బూట్లలో దింపి కూర్చుంటాను (మా ఆవిడ ఆ బూట్లు చూసి అడగడం మానేసింది). స్టీరింగ్‌లో మోటారు ఉంటుంది, రోడ్డు ఎలా ఉందో చేతులకు చెప్పేది అదే. మలుపులో ముందు టైర్లు పట్టు వదిలేశాయంటే అప్పటిదాకా బరువుగా లాగుతున్న స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. బుద్ధి ఇంకా తిప్పమంటుంది. తిప్పావా, పోయావు. కాలు తీయాలి, చెయ్యి కాస్త వెనక్కి రావాలి, టైరుకు పట్టు దొరికాక మళ్లీ తిప్పాలి. ఇది చేతికి పట్టడానికి నాకు నెలలు పట్టింది. మొన్న వానల్లో దేవరకొండ రోడ్డు మీద, నిజం బండిలో, అదే తేలిక చేతికి తగిలితే నేను అనుకునేలోపే కాలు లేచింది. మామకు ఇది చెబితే "స్టీరింగ్ లూజైంది, మెకానిక్‌కు చూపీ" అన్నాడు.

సరే, ఒకరోజు ఆయన్నే కూర్చోబెట్టాను. దీని కోసం నేను చాలాకాలంగా ఎదురుచూస్తున్నానన్న సంగతి దాచను.

కూర్చోగానే ఆయన అడిగింది బ్రేకు ఏదని కాదు. "హారన్ ఏడుందిర?"

"నేను బటన్ పెట్టుకోలేదు మామా, పని పడలేదు."

"మరి ముందటోడు ఎట్ల జరుగుతడు?"

"జరగడు మామా. మనమే దాటాలె."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. రెండో ప్రశ్న, "ఫార్చ్యూనర్ లేదా ఇండ్ల?" లేదని మాజ్డా ఎంఎక్స్-5 ఇచ్చాను, టాప్ లేదేందని గొణిగాడు. ట్రాక్ నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ. జర్మనీ అడవుల్లో 1927లో మొదలైన రోడ్డు, రౌండుకు 20.8 కిలోమీటర్లు, డెబ్బైకి పైగా మలుపులు. అసెట్టో కోర్సా అనే ఆటలో దాన్ని లేజర్‌తో కొలిచి ఎత్తుపల్లాలతో సహా దించారు. అడెనావర్ ఫోర్స్ట్ అనే మెలిక దాకా ఎలాగో గడ్డిలో సగం, రోడ్డు మీద సగం నెట్టుకొచ్చాడు. అక్కడ కొత్తవాళ్లందరూ గడ్డిలోకే పోతారు, మామా పోయాడు, దానికి నేనేమీ అనను. బండి ఆపాడు. అటు ఇటు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, చిట్యాల దగ్గర చూశాను, నకిరేకల్ దగ్గర చూశాను.

"రౌండు ఇరవై కిలోమీటర్లంటివి గద. ఇప్పటిదాంక ఎంతొచ్చినం?"

"ఏడు దాకా వచ్చినం మామా."

"ఇంక పదమూడు ముందటికి పోవుడేంది పిచ్చోని లెక్క? ఎనకకు పోతె ఏడేనాయె!"

తిప్పేశాడు. నార్డ్‌ష్లైఫ మీద, అప్పుడు సర్వర్‌లో ఇంకో పదిమంది తిరుగుతుండగా, నా పేరు మీద, రాంగ్ రూట్‌లో. ఎదురుగా ఫుక్స్‌రోర, అంటే కార్లు రెండొందల పైచిలుకు వేగంతో కిందికి దూకే పల్లం. ఎవడో పోర్షేవాడు ఏడుపు మొహంతో వస్తున్నాడు (మొహం కనపడదు, నాకు అర్థమైంది). మామ పక్కకు తీశాడా? లేదు. లైట్లు కొట్టే బటన్ ఏదని నన్ను అడుగుతున్నాడు. "వీనికి కండ్లు కనవడతలెవ్వా!" అంటుండగానే అయిపోయింది. ఇక్కడ మామ హాయిగా నవ్వి, "ఏం కాలే గద," అన్నాడు. నిజమే, ఏం కాలేదు. రెండు కార్లూ తుక్కయ్యాయి, అంతే.

ఆ ఆటలో ఒక పద్ధతుంది, సర్వర్‌లో ఉన్నవాళ్లు ఓటేసి ఒకడిని బయటికి పంపొచ్చు. పంపారు. వార్డు మెంబరుగా రెండుసార్లు నిలబడ్డ మనిషి మా మామ, అంత ఏకగ్రీవం ఆయన ఎప్పుడూ చూడలేదు. కాసేపు తెర వైపు చూసి, మెల్లగా ఫోను తీశాడు. "ఇప్పుడు ఎవలకు ఫోన్ చెయ్యాలె?"

"ఎవరికీ లేదు మామా. సర్వర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది."

ఆలోచించాడు. "మన మోత్కూరోళ్ల పిలగాడు జర్మనీల ఎమ్మెస్ చేస్తుండు."

నవ్వుకున్నాను కానీ మామను మాత్రం ఏమనాలి, ఆయనకు అలవాటైంది అలాంటి లోకం. 2022 మార్చిలో మన రాష్ట్రంలో పెండింగ్ చలాన్ల మీద రాయితీ ఇచ్చారు, టూవీలర్లకు 75 శాతం, కార్లకు 50. బాగా గిట్టుబాటైందేమో, 2023 డిసెంబర్‌లో మళ్లీ ఇచ్చారు, ఈసారి టూవీలర్లకు 80, కార్లకు 60. అచ్చం ఆషాఢం సేల్. పడిన నాడే పూర్తి జరిమానా కట్టినోడు వెర్రివాడిగా మిగిలాడు. సిగ్నల్ జంప్ చేసి ఓపిగ్గా కూర్చున్నోడికి లాభం. ఇది చూసి పెరిగిన మనిషిని తీసుకెళ్లి నాలుగు పాయింట్లు పడ్డాయి, తగ్గవు అంటే ఎలా నమ్ముతాడు?

అదే అటువైపు చూడండి. 2020 మేలో, లాక్‌డౌన్‌లో, ఫార్ములా-ఈ అనే కరెంటు కార్ల పోటీ డ్రైవర్లు ఇళ్లలో కూర్చుని ఆన్‌లైన్ రేసులు ఆడారు. డేనియల్ ఆబ్ట్ అనే ఆడి టీము డ్రైవరు ఒక రేసులో తన బదులు సిమ్యులేటర్‌లో ఆరితేరిన కుర్రాడిని కూర్చోబెట్టాడు. మూడో స్థానం వచ్చింది, దొరికిపోయాడు. ఒక్క నిజం చక్రం కూడా కదలలేదు, అయినా 10,000 యూరోలు దానధర్మాలకు కట్టమన్నారు, టీము సస్పెండ్ చేసింది. బొమ్మ కారు దగ్గర ఒకరి బదులు ఒకరు కూర్చున్నందుకు! మామ లైసెన్సు సంగతి నేను ఎత్తను. దాని మీద ఫొటో ఆయనదే, సంతకం ఆయనదే. టెస్టులో ఎనిమిది ఎవరు వేశారన్నది మా చుట్టాల్లో ఎవరూ అడగని ప్రశ్న.

ఆ ఫార్ములా-ఈయే 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌కూ వచ్చింది, హుస్సేన్ సాగర్ ఒడ్డున, జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ముందురోజు ప్రాక్టీసు వేళ మామూలు జనం బండ్లు ట్రాక్ మీదికి వచ్చేశాయని పేపర్లలో పడింది. దేశమంతా ఆశ్చర్యపోయింది, నేను పోలేదు. కొత్తగా తారు పోసిన ఖాళీ రోడ్డు, ఎదురు బండి లేదు, దగ్గరి తొవ్వ. ఏ మామ వదులుతాడు?

ఇక్కడిదాకా నవ్వొచ్చిన మాట నిజమే. ఇక రాదు.

రేసుల్లో నీలం జెండా ఉంటుంది. వెనక ఒక రౌండు ముందున్నోడు వస్తున్నాడు, దారి ఇవ్వు అని. ఇవ్వకపోతే శిక్ష, ప్రపంచ చాంపియన్ అయినా సరే. మా 65వ నంబరు హైవే మీద నీలం జెండా బదులు 108 సైరన్ మోగుతుంది. దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టంలో 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని రాసుంది. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర కూర్చుని చూడండి, ఆ అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం అటుంచి, అది చీల్చిన దారిలో దాని తోక పట్టుకుని పోయే కార్లు ఎన్నో. రేసుల్లో దీన్ని స్లిప్‌స్ట్రీమ్ అంటారు. లోపల ఎవడి అమ్మో ఆక్సిజన్ మీద ఉంటుంది, వెనక వీడు పది నిమిషాలు కలిసొచ్చాయని ఇంటికెళ్లి చెప్పుకుంటాడు. సిగ్గులేని బతుకు!

2020 నవంబర్‌లో బహ్రెయిన్ ఫార్ములా-వన్ రేసులో రొమాన్ గ్రోజాన్ అనే డ్రైవరు కారు రెండు ముక్కలై మంటల్లో చిక్కుకుంటే, దాదాపు 28 సెకన్లకు ఆ మనిషి తనంత తాను బయటికి వచ్చాడు. తల చుట్టూ హేలో అనే గట్టి లోహపు కమ్మీ ఉంది కాబట్టి, ఆరు పాయింట్ల బెల్టు ఉంది కాబట్టి, 1994లో సెన్నా అనే చాంపియన్ రేసులో పోయినప్పటి నుంచీ ఒక్కో చావును ముందేసుకుని అది ఎందుకైందో తవ్వినోళ్లు ఉన్నారు కాబట్టి. మన పాలమూరు పాలెం దగ్గర 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బస్సు కల్వర్టుకు తగిలి తగలబడితే 45 మంది పోయారు. పాలెం పేరెత్తితే మామ "అవు, పాపం" అంటాడు. అనేసి ఒంటి చేత్తో ఓవర్‌టేక్ చేస్తాడు, బెల్టు చోట క్లిప్పుతో. ఆ క్లిప్పు కొన్న చేత్తోనే నా స్టీరింగ్‌ను చూపించి బొమ్మ అంటాడు.

మామ కొడుకు పదో తరగతి. ఆ రోజు పక్కనే నిలబడి కళ్లు పెద్దవి చేసి చూశాడు, ఒక సెకండ్ హ్యాండ్ స్టీరింగ్ కొనివ్వమని నేనే అడిగాను. "వద్దు అల్లుడా," అన్నాడు మామ చాలా బాధ్యతగా, "పిలగాడు ఖరాబైతడు."

నిన్న ఆ పిల్లాడే మా ఇంటికి ఒక గోనెసంచి బత్తాయిలు తెచ్చాడు. మామ బండిలో. ఒక్కడే, నడుపుకుంటూ. నార్కట్‌పల్లి నుంచి. కాళ్లు అందక సీటు ముందుకు జరుపుకున్నాడు. మైనర్‌కు బండిస్తే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా అని 2019 సవరణలో ఉంది, అది కూడా ఏదో ఒక సేల్‌లో వస్తుందని మామ ధైర్యం కాబోలు. ఫోన్ చేస్తే నవ్వాడు. "మంచిగనే నడుపుతడు అల్లుడా, అచ్చం నా లెక్కనే."

నీ లెక్కనే నడుపుతున్నాడు, అందుకే చేశాను మామా ఫోను! ఎదురొచ్చే లారీవాడికి ఓటింగ్ ఉండదు, నువ్వు కొట్టే లైట్లకు ఆగడానికి వాడి బ్రేకులు నీ చుట్టాలు కావు, అక్కడ "ఏం కాలే గద" అనడానికి పిల్లాడు మిగలాలి కదా!

పిల్లాడిని ఆర్టీసీ బస్సెక్కించి పంపించాను. బండి మా వాకిట్లో ఉంది, తాళాలు నా దగ్గరున్నాయి. లైసెన్సు ఫొటోలో ఉన్న మనిషి స్వయంగా వస్తే ఇస్తాను, బెల్టు పెట్టుకునే పోవాల్సి ఉంటుంది. క్లిప్పులు మోరీలో పారేశాను, డ్యాష్‌బోర్డులో ఉన్న ఆ స్పేర్‌తో సహా.