హోటలైనా, కచేరీ అయినా, మిక్సీ అయినా... కాస్త సౌండ్ తగ్గించండి

ఊళ్లో కొత్తగా తెరిచిన హోటల్ గురించి ఎవరినైనా అడిగి చూడండి. బిర్యానీలో ముక్కలు ఎన్ని వచ్చాయో చెబుతారు. బిల్లు ఎంతయిందో, కారు పెట్టుకోవడానికి జాగా ఉందో లేదో చెబుతారు. అక్కడ నలుగురు కూర్చుని గొంతు పెంచకుండా మాట్లాడుకోగలరా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. కచేరీకి వెళ్లొచ్చినవాళ్లు పాట గురించి గంటసేపు మాట్లాడతారు, చెవులు గింగురుమన్న సంగతి దాచేస్తారు. మిక్సీ కొన్నవాళ్లు వాట్లు, జార్లు, వారంటీ లెక్కపెడతారు. మోత సంగతి పక్కింటివాళ్లకే తెలుస్తుంది.

తిండి మీద, పాట మీద, ఇంట్లో వస్తువుల మీద నాకు అభిప్రాయాలు కాస్త ఎక్కువే. ఈమధ్య మాత్రం మూడింటినీ ఒకే ప్రశ్నతో కొలుస్తున్నాను: ఇక్కడ సౌండ్ తగ్గించే నాబ్ ఎవరి చేతిలో ఉంది?

హోటల్లో అది కౌంటర్ వెనకాల ఉంటుంది. హైదరాబాద్‌లో ఆమధ్య ఓ రెస్టారెంట్‌కి వెళ్లాం, పేరు అనవసరం. మా టేబుల్ నెత్తి మీదే స్పీకర్. "బాబూ, కొంచెం సౌండ్ తగ్గించవా" అంటే సర్వర్ కుర్రాడు వంగి, చెవి దగ్గర పెట్టి "సార్?" అన్నాడు. రెండోసారి అరిచి చెబితే వెళ్లి తగ్గించాడు. సూప్ వచ్చేలోపు మళ్లీ పెరిగింది. ఇదేంటని అడిగితే, "మేనేజర్ సార్ ఒప్పుకోరండీ, హాలు డల్‌గా ఉంటదంటారు" అన్నాడు. అప్పటికి సగం టేబుళ్లు ఖాళీగానే ఉన్నాయి. రాని జనం చేయాల్సిన సందడిని స్పీకర్‌తో చేయిస్తున్నారన్నమాట.

పాటల సంగతి సరే, అసలు తప్పు గోడలది. ఇప్పటి రెస్టారెంట్ల డిజైన్ చూడండి. ముందు గాజు అద్దాలు, కింద మెరిసే టైల్స్, పైన సీలింగ్ వేయకుండా వదిలేసిన ఏసీ గొట్టాలు, టేబుల్ మీద గుడ్డ ఉండదు, కిటికీకి కర్టెన్ ఉండదు. ఫొటోల్లో బాగుంటుంది. శబ్దాన్ని పీల్చుకునే మెత్తటి వస్తువు ఒక్కటీ లేకపోవడంతో స్పూను కింద పడినా ఆ చప్పుడు హాలంతా తిరిగొస్తుంది. చుట్టూ మోత పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి చెవి వైద్యుడు 1911లోనే గమనించి చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం ఏ ఏసీ హాల్లో కూర్చున్నా ఇది కళ్లారా చూడొచ్చు. ఒక టేబుల్ వాళ్లు గొంతు పెంచుతారు, పక్క టేబుల్ వాళ్లు ఇంకాస్త పెంచుతారు, ఈ మాటలన్నీ దాటి పాట వినబడాలని కౌంటర్ దగ్గర నాబ్ తిరుగుతుంది. బయటికొచ్చేసరికి గొంతు బొంగురు.

నాలుకకీ నష్టమే. విమానం లోపల ఉండేంత మోత, అంటే దాదాపు 85 డెసిబెల్స్, వినిపిస్తూ రుచి చూపిస్తే తీపి తక్కువగా తెలుస్తోందని, టమాటాలాంటి వాటిలో ఉండే ఉమామీ రుచి ఎక్కువగా తెలుస్తోందని అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో చెప్పారు. ఈ లెక్కన ఖుబానీ కా మీఠా వడ్డించే హాల్లో స్పీకర్ మోగించడం అంటే, ఆ వంటవాడి కష్టాన్ని యజమానే డబ్బు పెట్టి పాడుచేసుకోవడం. టమాటా పప్పు వండినవాడు మాత్రం తప్పించుకుంటాడేమో.

అయితే ఒకటి. నిశ్శబ్దంగా ఉండే టిఫిన్ సెంటర్‌ని నేను నమ్మను. పెనం మీద నీళ్లు చిలకరిస్తే సుయ్‌మనాలి, అట్లకాడ గీరుకోవాలి, "రెండు ఇడ్లీ, ఒక కారం దోశ" అని లోపలికి కేక వెళ్లాలి. చార్మినార్ దగ్గర ఇరానీ హోటళ్లలో కప్పులూ సాసర్లూ చేసే గలగల వింటే ఎంతమంది తాగుతున్నారో, చాయ్ ఎంత తాజాగా దిగుతోందో అర్థమవుతుంది. ఈ చప్పుళ్లు ఎవరూ పనిగట్టుకుని పెట్టినవి కావు, పని జరుగుతుంటే పుట్టేవి. పైగా ప్రతిదీ ఏదో ఒక కబురు చెబుతుంది. పెనం చప్పుడు మారిందంటే మన దోశ తిరగబడిందని అర్థం.

యూపీఐ సౌండ్‌బాక్స్‌ని కూడా నేను ఈ కోవలోనే వేస్తాను. మొదట్లో బండి మీద ఆ డబ్బా అరుపు విని విసుక్కునేవాళ్లు ఉండేవారు. కానీ దాని పని గమనించండి. టిఫిన్ బండి ఆయన చేతులు రెండూ పిండిలో ఉంటాయి. డబ్బులు పడ్డాయా లేదా అని ఫోన్ తీసి చూసుకునే వీల్లేదు. ఆ డబ్బా "నలభై రూపాయలు" అనగానే తలెత్తకుండానే ప్లేటు ముందుకు తోస్తాడు. ఫోన్‌పే వాళ్లు 2024లో దానికి మహేశ్‌బాబు గొంతు కూడా పెట్టారు. బస్సు వెళ్తుంటే బండి ఆయనే బటన్ నొక్కి సౌండ్ పెంచుకుంటాడు, సందు సద్దుమణిగాక తగ్గించుకుంటాడు. ఈ వ్యాసంలో నాకు పూర్తిగా నచ్చిన ఎలక్ట్రానిక్ వస్తువు అదొక్కటే. నాబ్ పనిచేసేవాడి చేతిలో ఉంది.

కచేరీల సంగతి ఇంత తేలిగ్గా తేలదు. మైకును తిట్టడం సులువే గానీ, అది చేసిన మేలు చిన్నది కాదు. మైకులు రాకముందు హాలు చివరిదాకా వినిపించాలంటే పై శ్రుతిలో గొంతు తెరిచి పాడక తప్పేది కాదు. గత శతాబ్దం ముప్పైల తర్వాత మైకు వాడకం పెరిగాక, మంద్రంలో, అంటే కింది స్వరాల్లో, పలికే సన్నని సంగతులు ఆఖరి వరసకు అందాయి. కింది శ్రుతిలో హాయిగా పలికే గొంతులకు, వీణలాంటి మెత్తని వాద్యానికి పెద్ద సభలు దొరికాయి. అంటే అప్పట్లో మైకు వల్ల సంగీతం నెమ్మదించింది. అరవాల్సిన అవసరం తీరింది.

ఇప్పుడు అదే మైకు అందరినీ అరిపిస్తోంది. ఓ మోస్తరు హాల్లో జరిగే కర్ణాటక కచేరీలో పాటకన్నా స్టేజీ మీది సైగలను చూడండి. వయొలిన్ ఆయన విల్లు ఆపి చూపుడు వేలు పైకెత్తుతారు. గాయని ఆలాపన మధ్యలోనే ఎడమచేత్తో తన ముందున్న మానిటర్ స్పీకర్ వైపు చూపించి పెంచమంటారు. ఘటం ఆయన తనది వినబడటం లేదని తల అడ్డంగా ఊపుతారు. అందరి వేళ్లూ పైకే. తగ్గించమని చెయ్యి కిందికి ఊపినవాళ్లని నేను చూడలేదు. మృదంగం ఆయన కచేరీకి ముందు ఎడమ వైపు మూతకు రవ్వముద్ద పెట్టి, అది ఎక్కువైతే కొంచెం గీకి, మళ్లీ తట్టి, చెవి ఒగ్గి విని, ఆ గంభీరమైన నాదాన్ని సరిచేసుకుంటారు. అంత శ్రద్ధగా కుదుర్చుకున్న నాదం కాస్తా సౌండ్ అతను బేస్ నాబ్ తిప్పేసరికి డప్పు డప్పుమనే బాదుడైపోతుంది. ఆ అబ్బాయిని అనడానికీ లేదు. ముందు రోజు ఏ ఫంక్షన్ హాల్లోనో డీజే పెట్టి, నిద్ర లేకుండా ఇక్కడికి వచ్చి ఉంటాడు. తంబూరా ఎంత వినబడాలో అతనికి చెప్పేవారే లేరు. నిర్వాహకులు శాలువాలు, మెమెంటోల హడావుడిలో ఉంటారు. సౌండ్ చెక్ చేసుకోవాల్సిన అరగంటలో ముఖ్య అతిథి ప్రసంగం నడుస్తుంటుంది.

వంద మంది పట్టే హాల్లో ఇంత పరికరం ఎందుకు? ఇళ్లల్లో, గుడి మండపాల్లో మైకు లేకుండా జరిగే చిన్న కచేరీలకు వెళ్తే మొదటి పది నిమిషాలు చెవి తడుముకుంటుంది. ఆ తర్వాత పక్కవారి దగ్గు కూడా వినిపించేంతగా వినడం మొదలవుతుంది. పుష్య బహుళ పంచమినాడు మన ఊళ్లలో జరిగే త్యాగరాజ ఆరాధనలో పంచరత్న గోష్ఠికి యాభై గొంతులు కలిస్తే చాలదా? అక్కడా మధ్యలో నాలుగు మైకులు పెడతారు. దాంతో మైకు ముందు కూర్చున్న నలుగురి గొంతులే గోష్ఠి అయిపోతాయి.

సినిమా పాటల లైవ్ షోల గురించి ఎక్కువ చెప్పను. అక్కడికి వెళ్లేదే ఒళ్లు అదరడానికి, అది తెలిసే టికెట్ కొంటాం. కానీ ఒక లెక్క తెలిసి ఉండాలి. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటల దాకా ఉండొచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫార్సు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు... అలా వెళ్తే 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. ఇలాంటి వేదికలకు సగటున 100 డెసిబెల్స్ దాటొద్దని, ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచాలని, కాసేపు చెవులకు విశ్రాంతినిచ్చే చోటు చూపించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన దగ్గర షోలలో నీళ్ల బాటిల్ కూడా బయటిది రానివ్వరు. ఇక ఇయర్‌ప్లగ్స్ ఎవరిస్తారు!

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు బంద్. జూబ్లీహిల్స్ పబ్బుల మోత మీద 2022లో తెలంగాణ హైకోర్టు కన్నెర్ర చేసింది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. మంచిదే. అయితే ఈ నిబంధనలన్నీ గోడ అవతల నిద్రపోయేవాడిని కాపాడటానికి పుట్టినవి. గోడ ఇవతల ఉన్నవాడి గురించి పట్టించుకున్నవారు లేరు. మనం గంట కూర్చుని లేచిపోతాం. వంగి చెవి దగ్గర పెట్టిన ఆ సర్వర్ కుర్రాడు రోజంతా ఆ స్పీకర్ కిందే తిరగాలి. ఫ్యాక్టరీలో కార్మికుడు ఎంత మోతలో ఎన్ని గంటలు ఉండొచ్చో నిబంధన ఉంది. రెస్టారెంట్ హాలు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు.

ఇక ఇంట్లో వస్తువులు. ఇక్కడైతే నాబ్ అసలు లేనే లేదు. మిక్సీలో స్పీడు నాబ్ ఉంటుంది, మోత నాబ్ ఉండదు. కార్బన్ బ్రష్‌లున్న ఆ చిన్న మోటారు నిమిషానికి 18 వేల చుట్లకు పైగా తిరుగుతుంది. చిన్నగా, చౌకగా, బలంగా ఉండాలంటే తయారీదారుకి అదే మార్గం. ఆ మోటారు చల్లబడటానికి కింద ఒక ఫ్యాను, గాలి పోవడానికి చిల్లులు, ఆ చిల్లుల్లోంచే మోత. వెట్ గ్రైండర్ మెల్లగా తిరుగుతుంది కాబట్టి పక్కన నిలబడి ఫోన్ మాట్లాడొచ్చు. పిండీ వేడెక్కదు. అందుకే నా ఓటు గ్రైండర్‌కే, వంటగదిలో సగం గట్టు ఆక్రమించినా సరే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మన పర్యావరణ నియమాల్లో గృహోపకరణాలకు తయారీ దశలోనే శబ్ద పరిమితులున్నాయి. ఒకటి, ఒకటిన్నర టన్నుల విండో ఏసీకి 68 డెసిబెల్స్, ఎయిర్ కూలర్‌కి 60, ఫ్రిజ్‌కి 46. రోజూ పొద్దున్నే అపార్ట్‌మెంట్ మొత్తాన్ని లేపే మిక్సీ మాత్రం ఆ జాబితాలో లేదు. చెవిలో జోరీగలాంటి ఫ్రిజ్‌కి పరిమితి పెట్టి, అసలు దొంగను వదిలేశారు.

దీనికి తోడు బీప్‌ల గోల. వాషింగ్ మెషీన్ పని అవగానే ఒక ట్యూన్ వాయిస్తుంది. మైక్రోవేవ్ తలుపు తీసేదాకా పిలుస్తూనే ఉంటుంది. నీళ్ల ఫిల్టర్, ఇన్వర్టర్, ఇండక్షన్ స్టవ్ దేని గొంతు దానిదే. కుక్కర్ విజిల్‌ని ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే "పప్పుకి మూడు విజిల్స్" అని దాన్ని మన వంటింటి గడియారంగా చేసుకున్నాం. ఈ బీప్‌లు అలా లెక్కకి పనికిరావు. ఏది ఎందుకు అరుస్తోందో తెలియక మా ఇంట్లో ఒకరు లేచి అన్నింటి దగ్గరికీ వెళ్లి చూసి రావాలి. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్లు మాత్రం అనుకోని మేలు చేశాయి. పాత ఫ్యాను 70, 80 వాట్లు తాగితే ఇవి 30 వాట్ల దగ్గర ఆగుతాయని, కరెంటు బిల్లు కోసం కొన్నాం. పాత ఫ్యానులో వచ్చే ఆ సన్నని హమ్మింగ్ కూడా పోయింది. కంపెనీ వాళ్లకు అది నచ్చలేదేమో, రిమోట్ నొక్కితే ఫ్యాను బీప్‌మంటుంది.

"తెలుగువాళ్లం, మనకు సందడి కావాలండీ" అనే మాట ఈ విషయంలో తప్పకుండా వస్తుంది. కావాలి, కాదనను. బోనాల డప్పు వింటే నాకూ కాళ్లు ఆగవు. కానీ డప్పు కొట్టేవాడు మనిషి. మధ్యలో ఆగి డప్పును మంటకు కాచుకుంటాడు, నీళ్లు తాగుతాడు, ఊరేగింపుతో పాటు వీధి దాటి వెళ్లిపోతాడు. డీజే బండికి ఆ అలసట లేదు, ఆపరేటర్‌కు టిఫిన్ పెట్టినా పాట ఆగదు.

అందుకని అడగాల్సినవాళ్లను అడగడం మొదలుపెడదాం. హోటల్‌కి ఫోన్ చేసినప్పుడు టేబుల్ ఉందా అన్న తర్వాత, స్పీకర్‌కి దూరంగా ఉందా అని కూడా అడగండి. రివ్యూ రాస్తే బిర్యానీతో పాటు చెవుల గతి ఏమైందో ఒక వాక్యం రాయండి. సభల నిర్వాహకులు ముఖ్య అతిథి ప్రసంగంలో అరగంట కోసి సౌండ్ చెక్‌కి ఇవ్వొచ్చు. ఇక యూరప్‌లో వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌ల ఎనర్జీ లేబుల్ మీద కరెంటు లెక్కతో పాటు డెసిబెల్స్ కూడా అచ్చువేస్తారు. మన దగ్గర సీలింగ్ ఫ్యాన్లకు కూడా 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు కదా, ఆ కాగితం మీద ఇంకో గడి గీయడానికి చోటు లేకపోలేదు. ముందు మిక్సీలతో మొదలుపెట్టమనండి.