పక్షవాతానికి పొద్దున దాకా ఆగొద్దు

గుండెలో నొప్పి అంటే వాడకట్టు మొత్తం ఉరుకుతది. అర్ధరాత్రయినా ఎవరో ఒకరు కారు తీస్తారు, ఇంకొకరు చేతిలో డబ్బులు పెడతారు. అదే మూతి వంకర పోయింది, చెయ్యి లేస్తలేదు అంటే మంచం వాల్చి పడుకోబెడతాం. "జర సేపు పండుకుంటే పోతది" అంటాం. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఇది చూసీ చూసీ విసుగొచ్చింది. కోపమూ ఉంది, బాధా ఉంది. అందుకే పొడుగైనా సరే రాస్తున్నా, చదవండి.

పక్షవాతం చాలామందికి నొప్పి పెట్టదు. మోసమంతా అక్కడే ఉంది. నొప్పి లేనిదేదీ మనకు అర్జెంటు కాదు. పైగా మెదడు కుడివైపు దెబ్బతింటే, తన ఎడమ చెయ్యి పనిచేయడం లేదన్న సంగతి కొందరు పేషెంట్లకే తెలియదు. మా మేనత్తకు అదే అయ్యింది. పీట మీద కూర్చుని సర్వపిండి ఒత్తుతోంది. కుడిచేతి వేళ్లు పిండిని అదుముతూనే ఉన్నాయి, అంచు పట్టుకోవాల్సిన ఎడమ చెయ్యి మాత్రం ఒళ్లో పడి ఉంది. గిన్నె గిరగిరా తిరిగిపోతోంది. ఎడమ భుజం మీద కొంగు జారినా సర్దుకోలేదు. "అత్తా, చెయ్యేమైంది?" అంటే "ఏం గాలే బిడ్డా, మంచిగనే ఉన్న" అంది. ఆమెకు నిజంగానే అట్లా అనిపించింది. "ఆమెనే మంచిగున్న అంటుంటే మీకేం తొందర" అని మామతో సహా పెద్దలంతా తేల్చేశారు. అత్త కూతురు, మా వదిన, ఎవరి మాటా వినకుండా 108కి ఫోన్ కొట్టింది. ఇప్పుడు అత్త కర్ర లేకుండా నడుస్తుంది. ఇలాంటప్పుడు పేషెంటును అడిగి నిర్ణయం తీసుకోకండి. కళ్లతో చూసినవాళ్లే తీసుకోవాలి.

చూడటానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. నవ్వమనండి, మూతి ఒక పక్కకు గుంజుతుందేమో చూడండి. కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపమనండి, ఒకటి కిందికి జారుతుందేమో చూడండి. ఊరి పేరు, పిల్లల పేర్లు అడగండి. మాట ముద్దగా వస్తున్నా, ఒకటడిగితే ఇంకొకటి చెబుతున్నా అనుమానించాల్సిందే. ఉన్నట్టుండి చూపు పోవడం, ఒకటి రెండుగా కనబడటం, నడుస్తూ ఒక పక్కకు తూలిపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి రావడం కూడా ఇందులోవే. సాయంత్రం పూట మగమనిషి తూలుతూ మాట తడబడితే "తాగిండు" అని వదిలేస్తారు చూడండి, అది ఎంత ప్రమాదమో! అన్నీ కలిసి రావాలని లేదు. ఏ ఒక్కటి ఉన్నట్టుండి వచ్చినా కదలాలి.

కానీ మన దగ్గర జరిగేదేంటి? ఆర్‌ఎంపీ వస్తాడు, ఒక సెలైన్ ఎక్కిస్తాడు. ఎవరో పసరు పోసే ఊరి పేరు చెబుతారు, ఇంకెవరో పావురం రక్తం రుద్దమంటారు. హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ పోతుంది. "అన్న వచ్చినంక చూద్దాం." ఆయన 150 కిలోమీటర్లు దాటి వచ్చేదాకా మనిషి మంచం మీదే. భూపాలపల్లి నుంచి బయల్దేరినా ఇంచుమించు గంటన్నరలో వరంగల్‌లో ఉంటారు. టైమంతా పోతున్నది మన వాకిట్లోనే.

ఆ టైము విలువ తెలిస్తే ఎవరూ అలా కూర్చోరు. పక్షవాతాల్లో ఎక్కువ భాగం మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వస్తాయి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని డాక్టర్ల లెక్క. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా 4.5 గంటల్లోపు ఇవ్వాలి. తీగ పంపి గడ్డను బయటకు లాగే చికిత్స 6 గంటల్లోపు, స్కాన్ చూసి కొందరికి 24 గంటల దాకా కూడా చేస్తారు. ఎంత ముందైతే అంత మేలు. పైగా ఇంజెక్షన్‌కు ముందు సీటీ స్కాన్, షుగర్ పరీక్ష ఉంటాయి కాబట్టి నాలుగో గంటలో గేటు దాటితే సరిపోదు. పొద్దున లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే లెక్క లేచిన దగ్గర్నుంచి కాదు, రాత్రి చివరిసారి ఎప్పుడు మంచిగా చూశారో అక్కడి నుంచి. ఆ టైము పెన్నుతో అరచేతిలో రాసుకోండి. దవాఖానలో ముందు అడిగేది అదే. వాడుతున్న మాత్రల షీట్లు కూడా సంచిలో వేసుకోండి, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ల విషయంలో అది చాలా ముఖ్యం.

నోట్లో ఏమీ పోయకండి, నీళ్లయినా సరే. మింగడం దెబ్బతిని ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టే అలవాటు ఒకటుంది, బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు ఇంకా నష్టం. ఆస్పిరిన్ కూడా వద్దు. నాళం చిట్లి వచ్చిందో, గడ్డ అడ్డుపడి వచ్చిందో స్కాన్ తీయకుండా ఎవరూ చెప్పలేరు.

"పావుగంటలో అదే తగ్గింది" అని ఇంట్లో ఉండిపోయేవాళ్లను చూస్తే ఇంకా భయం. అది పెద్ద పక్షవాతానికి ముందొచ్చే హెచ్చరిక కావచ్చు, తర్వాతి 48 గంటలు చాలా ప్రమాదకరం. తగ్గినా ఆ పూటే వెళ్లాలి. బీపీ నార్మల్‌కొచ్చిందని మాత్రలు ఆపేసేవాళ్లూ ఒకసారి ఆలోచించండి. ఆ మాత్ర వేసుకుంటున్నందుకే కదా నార్మల్‌గా ఉంది!

దగ్గర్లో ఉన్న దవాఖానకు పోతే చాలదు. మా దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో స్కాన్ మిషనే లేదు. అయినా ఒక పెద్దమనిషిని రాత్రంతా సెలైన్ మీద ఉంచుకుని, తెల్లారినంక "వరంగల్ తీసుకపోండి" అన్నారు. బిల్లు మాత్రం కట్టించుకున్నారు. ఇది నేరం కాదా? 108కి చేసినప్పుడు "పక్షవాతం అనిపిస్తుంది, ఫలానా టైముకు మొదలైంది" అని స్పష్టంగా చెప్పండి. సొంత బండిలో పోయేటట్టయితే ముందే ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి. ఈ టైములో సీటీ స్కాన్ నడుస్తుందా? గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా?

అక్టోబర్ 29 స్ట్రోక్ డే. ఆ రోజు ర్యాలీలు తీసే అధికారులకూ ఒక మాట. ఏ దవాఖానలో రాత్రి రెండింటికి కూడా స్కాన్ తీస్తారో, ఎక్కడ ఆ ఇంజెక్షన్ ఉంటుందో, ఆ పేర్లూ ఫోన్ నంబర్లూ ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. మూతి వంకర పోయిన మనిషికి సెలైన్ పెట్టి కూర్చోబెట్టొద్దని ఊరూరా ఆర్‌ఎంపీలకు గట్టిగా చెప్పండి. ములుగు, నర్సంపేట, పరకాల నుంచి మొదలుపెట్టండి.