సవరణ: మోనే గీసినవి గడ్డివాములు కావు, కుప్పలు

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. ఫ్రాన్స్‌లోని జివెర్నీ అనే పల్లెలో తన ఇంటి పక్క పొలంలో ఆయన "గడ్డివాములు" గీశాడనీ, వాటన్నిటినీ ఆరుబయటే పూర్తి చేశాడనీ రాశాను.

మొదటిది నాకే సిగ్గనిపించింది. వామి అంటే నూర్చాక మిగిలిన గడ్డి. ఆ బొమ్మల్లో ఉన్నవి ఇంకా నూర్చని గోధుమ కుప్పలు. గింజ లోపలే ఉంటుంది, వాన దిగకుండా పైన శంకువులా గడ్డి కప్పు. పదిహేను ఇరవై అడుగుల ఎత్తు. నూర్పిడి యంత్రం తమ వంతుకు వచ్చేదాకా అవి నెలల తరబడి చేలోనే ఉండేవి. అందుకే మంచు కురిసిన కుప్పలు కూడా ఆయనకు దొరికాయి. కుప్పకూ వామికీ తేడా తెలిసిన ఇంట్లో పుట్టి ఇలా రాయడమేమిటో!

రెండోది: మొదలుపెట్టింది పొలంలోనే. వెలుగు మారగానే ఒక కాన్వాసు పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు. కాన్వాసులు మోయడానికి సవతి కూతురు బ్లాంష్ సాయం. కానీ తర్వాత స్టూడియోలో చాలా దిద్దాడు. సూర్యుడు తొందరగా దిగిపోతున్నాడు, అందుకోలేకపోతున్నానని 1890 అక్టోబరులో మిత్రుడు, కళావిమర్శకుడు జెఫ్రువాకు రాసిన ఉత్తరంలో వాపోయాడు కూడా.

ఆ పోస్టులో నీడల గురించి రాసింది మాత్రం మార్చడం లేదు. మంచు మీద కుప్ప నీడ నల్లగా ఉండదు, నీలంగా ఉంటుంది.

ఇంకొకటి, 1891 మేలో పారిస్‌లో డ్యూరాన్-రుయెల్ గ్యాలరీలో పెట్టిన కుప్పల బొమ్మలు 15. మొత్తం గీసినవి దాదాపు 25.