ఆ చిన్న అంకెను కిందికి దించకండి

ఇప్పుడే ఫోనులో ఒక సైన్సు వ్యాసం చదివాను, ఒళ్లు మండిపోతోంది. 18 గ్రాముల నీటిలో 6.022 × 1023 అణువులు ఉంటాయట. 10²³ కాదు, అక్షరాలా వెయ్యిన్ని ఇరవై మూడు. పదిని ఎన్నిసార్లు వేసి గుణించాలో చెప్పే ఘాతాంకంగా పైన ఉండవలసిన 23ను లాగి కింద కూర్చోబెట్టారు. రాసినవారికి ఆ సంగతి చెబితే, "చదివేవాళ్లకు అర్థమవుతుంది లెండి, చిన్న అచ్చుతప్పే కదా" అన్నారు.

చిన్నదా? గుణించి చూడండి, 6,160 వస్తుంది. ఆ లెక్కన ఒక్కో నీటి అణువు దాదాపు 3 మిల్లీగ్రాములు తూగాలి. ఒక నీటి చుక్కలో పట్టుమని ఇరవై అణువులు కూడా ఉండకూడదు. వాటిని సూక్ష్మదర్శిని అవసరం లేకుండా కళ్లతోనే లెక్కపెట్టవచ్చు!

అక్కడితో ఆగారా? కాంతి వేగం సెకనుకు 3 × 108 మీటర్లని రాశారు. అంటే 324 మీటర్లు. గాలిలో ధ్వని వేగమే సుమారు 340. ఉరుము ముందు వినిపించి, మెరుపు తరువాత కనిపించాలి. ఎనిమిది నిమిషాల పైచిలుకులో మనల్ని చేరే సూర్యకాంతికి పద్నాలుగేళ్లు దాటాలి.

అన్నిటికంటే నన్ను మండించింది ఆ తరువాతి పట్టిక. భూమి ద్రవ్యరాశి 5.97 × 1024 కిలోలు, సూర్యుడిది 1.99 × 1030 కిలోలు. భూమి ఆరు టన్నులు, సూర్యుడు రెండు టన్నులు! భూమికి సుమారు 3,33,000 రెట్లున్న సూర్యుణ్ణి భూమిలో మూడో వంతు చేసి పెట్టారు. అచ్చువేసే ముందు ఒక్కరైనా ఆ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడలేదా? పేజీలో అంకె పైకి లేవడం లేదంటే అదీ ఒక సాకే. కాలిక్యులేటర్‌ కూడా 6.022 తరువాత 'ఈ' అక్షరం వేసి, పక్కన 23 చూపిస్తుంది. అంతమాత్రం కూడా చేతకాదా?

ఇరవై రెండు శతాబ్దాల క్రితం ఆర్కిమెడిస్ విశ్వాన్నంతా ఇసుకతో నింపితే ఎన్ని రేణువులు పడతాయో లెక్కగట్టాడు. గ్రీకుల భాషలో పేరున్న పెద్ద సంఖ్య పదివేలే. దాని మీద మెట్టుమెట్టుగా కొత్త పేర్లు కట్టుకుంటూ పోయి, మన రాతలో చెప్పాలంటే 10⁶³కు మించవని తేల్చాడు. ఆయన అంత కష్టపడి సాధించినది మనకు రెండంకెల్లో ఇమిడిపోయింది. ఆ రెండంకెలనైనా సరిగ్గా నిలబెట్టలేమా?

అసలు తప్పు బడిలోనే మొదలైంది. 'దశాంశ బిందువును ఎన్ని స్థానాలు ఎడమకు జరిపితే ఘాతాంకం అంత' అని నేర్పారు, వదిలేశారు. ఘాతాంకం ఒకటి పెరిగితే సంఖ్య పది రెట్లవుతుందని పిల్లల మనసుకు ఎక్కేలా ఎవరు చెప్పారు? 10⁶ సెకన్లంటే పదకొండున్నర రోజులు. 10⁹ సెకన్లంటే దాదాపు 32 ఏళ్లు. 10¹² సెకన్లంటే 31,700 ఏళ్లు. ఇది ఒక్కసారి చెప్పి ఉంటే జన్మలో మరిచిపోరు. చెప్పలేదు కాబట్టే పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా "24కూ 30కీ తేడా ఆరే కదా" అంటారు. ఆ ఆరు పది లక్షల రెట్లు!

గుణకార గుర్తుకు ముందు ఉండే అంకెల సంగతి ఇంకా ఘోరం. కాంతి వేగం సెకనుకు 299792458 మీటర్లు. దాన్ని మూడు సార్థక అంకెలకు, అంటే నమ్మదగిన మూడు అంకెలకు, సవరిస్తే 3.00 × 10⁸ అవుతుంది. ఉత్త 3 అని రాస్తే ఒక్క అంకె వరకే మనకు తెలుసని అర్థం. 3.00 అంటే మూడో అంకె వరకూ నమ్మవచ్చని అర్థం. రెండూ ఒకటి కావు. పరీక్షలో మూడు సార్థక అంకెలకు రాయమని ప్రశ్నలోనే ఉంది, నేను 3.00 × 10⁸ అనే రాశాను. చివరి రెండు సున్నాలు అనవసరమని ఎర్ర సిరాతో కొట్టేసి అరమార్కు కోశారు. అడిగితే, "విలువ మారదు కదా, వెళ్లి కూర్చో" అన్నారు. ఆ సున్నాలు అవసరమే. ఆ అరమార్కు నాకు రావలసిందే.