బిల్లులో కనిపించని ల్యాబ్

ఆమధ్య మా పిన్ని కూతురికి తోడుగా హైదరాబాద్‌లో ఒక ఐవీఎఫ్ సెంటర్‌కి వెళ్లాను. మొదటి ట్రాన్స్‌ఫర్, అంటే ల్యాబ్‌లో పెంచిన పిండాన్ని గర్భసంచిలో పెట్టడం, ఫెయిలైంది. రెండోదానికి డబ్బులు ఎలాగోలా సర్దుకున్నారు. కౌన్సెలర్ ఒక కాగితం ముందుకు జరిపి, "మేడం, ఈసారి లేజర్ హ్యాచింగ్, గ్లూ, టైమ్‌ల్యాప్స్ కూడా పెట్టించుకోండి. ఉన్న చాన్స్ ఎందుకు వదులుకోవాలి?" అంది. ఒకసారి పోగొట్టుకున్న మనిషికి ఆ మాట కాదనే ధైర్యం ఎక్కడుంటుంది? చెల్లి పెన్ను తీసుకుంది.

ఆ కాగితంలోని ఒక్కో వరుస గురించి తర్వాత చదివాను. టైమ్‌ల్యాప్స్ అంటే ఇంక్యుబేటర్‌లోనే కెమెరా పెట్టి, పిండాన్ని బయటికి తీయకుండా ఎదుగుదలను ఫొటోలు తీస్తూ ఉండటం. వినడానికి ఎంతో బాగుంటుంది. బ్రిటన్, హాంకాంగ్‌లలోని 7 కేంద్రాల్లో 1,575 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఆ ఫొటోలను బట్టి పిండాన్ని ఎంచుకున్నవారిలో 33.7 శాతం మందికి బిడ్డ పుడితే, మామూలు పద్ధతిలో 33 శాతం మందికి పుట్టింది. అంటే తేడా దాదాపు లేనట్టే. పిండం చుట్టూ ఉండే పొరను లేజర్‌తో పలచన చేసే హ్యాచింగ్ వల్ల, ఫ్రీజ్ చేయని పిండాల విషయంలో కాన్పులు చెప్పుకోదగ్గంతగా పెరగవని అమెరికా సంతాన సాఫల్య వైద్యుల సంఘం 2022లో తేల్చింది. గ్లూ అనేది నిజానికి జిగురు కాదు, మన శరీరంలో సహజంగా ఉండే హయలురోనాన్ అనే పదార్థం ఎక్కువగా కలిపిన ద్రవం, పిండాన్ని గర్భసంచిలో పెట్టేటప్పుడు వాడతారు. ఉన్నంతలో దీనికే కాస్త ఆధారం ఉంది. వైద్య పరీక్షలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2020 సమీక్ష కాన్పుల సంఖ్య పెరుగుతుందనే చెప్పింది, కాకపోతే ఒకటికి మించి పిండాలు వేసే చోట కవలలూ పెరిగారు.

మరి అసలు పని ఎక్కడ జరుగుతోంది? బిల్లులో వరుసగా ఎక్కని చోట, ల్యాబ్‌లో. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల వేడి, 5 శాతం ఆక్సిజన్, 6 శాతం దరిదాపుల్లో కార్బన్ డయాక్సైడ్ ఉండాలి. గదిలో పెయింట్ వాసన, సెంటు వాసన కూడా రాకూడదు, వాటి ఆవిర్లు పిండానికి పడవు. కరెంటు పోతే క్షణం ఆలస్యం లేకుండా బ్యాకప్ అందుకోవాలి. మన ఊళ్లలో ఇదేమీ చిన్న విషయం కాదు.

ఫ్రీజింగ్ సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ పిండాన్ని ఫ్రీజ్ చేసి, తర్వాత గర్భసంచిలో ప్రవేశపెట్టారు. 1978లో ఆ బిడ్డ పుట్టినా ఆయన్ని ఎవరూ నమ్మలేదు, వేధించారు, 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఇప్పుడు చేసే విట్రిఫికేషన్‌లో పిండాన్ని క్షణాల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోకి దించుతారు. లోపల మంచు స్ఫటికాలు కట్టే వ్యవధే ఇవ్వరు. మంచి ల్యాబ్‌లో నూటికి 90కి పైగా పిండాలు కరిగించాక బతుకుతాయి. ఇక్కడ యంత్రం కంటే చెయ్యే ముఖ్యం. ద్రవాల్లో పిండాన్ని ఎంతసేపు ఉంచాలో సెకన్లు లెక్కబెట్టే ఎంబ్రియాలజిస్ట్, అంటే ల్యాబ్‌లో పిండాలను చూసుకునే నిపుణుడి, చెయ్యి.

చెల్లి ట్రాన్స్‌ఫర్ రోజు అదే చూశాను. ఎంబ్రియాలజిస్ట్ కిటికీలోంచి చెల్లి పేరు, ఆమె భర్త పేరు అడిగి సరిచూసుకున్నాడు. క్యాథెటర్ అనే సన్నటి గొట్టంలోకి చుక్క ద్రవంతో పిండాన్ని తీసుకుని డాక్టరుకి ఇచ్చాడు. అల్ట్రాసౌండ్ తెరమీద తెల్లటి చుక్క మెరిసింది. అంతా అయిపోయిందనుకున్నాం. అతను మాత్రం క్యాథెటర్ వెనక్కి తీసుకెళ్లి మైక్రోస్కోప్ కింద పెట్టి, పిండం లోపలే చిక్కుకుపోలేదు కదా అని వెతికాడు. "క్లియర్ మేడం" అన్నాకే డాక్టర్ లేచింది. అరనిమిషం పట్టిన ఆ పనికి బిల్లులో వరుస లేదు.

అందుకే సంతకం పెట్టేముందు ల్యాబ్ గురించి అడగండి. మీ వయసువాళ్లలో ఒక్కో ట్రాన్స్‌ఫర్‌కి ఎంతమందికి బిడ్డ పుట్టింది? కరిగించాక ఎన్ని పిండాలు బతుకుతున్నాయి? ఎంబ్రియాలజిస్ట్ రోజూ ఉంటారా, కేసు ఉన్నప్పుడే వస్తారా? ప్రెగ్నెన్సీ పాజిటివ్ శాతం చెబితే సరిపోదు, బిడ్డ ఇంటికొచ్చిన శాతం చెప్పాలి.

జవాబుల కోసం దంపతులు బతిమాలుకోవాల్సిన అవసరం కూడా ఉండకూడదు. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ ఒక్కో క్లినిక్ ఫలితాలను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, ఏ అదనపు సేవకు ఎంత ఆధారం ఉందో రంగులతో చూపిస్తుంది. మన దేశంలో సంతాన సాఫల్య చికిత్సలపై తెచ్చిన 2021 చట్టం ప్రకారం క్లినిక్‌లు జాతీయ రిజిస్ట్రీకి వివరాలు పంపాలి. ఆ వివరాలను క్లినిక్ పేరుతో సహా, తెలుగులో కూడా, అందరికీ కనిపించేలా పెట్టాలి.